గిటార్ సెటప్: ఏది మీరే తిప్పుకోవచ్చు, ఏది పనివాడికి ఇవ్వాలి

బెజవాడలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లకి రెండే సీజన్లు. ఒకటి క్రిస్మస్, ఇంకోటి పెళ్లిళ్లు. సరిగ్గా వాటికి వారం ముందే గిటార్ మొరాయిస్తుంది. ఆరో తీగ జుయ్యిమంటుంది. పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దాటితే శ్రుతి పక్కకి జరుగుతుంది. మొన్నటిదాకా హాయిగా పడిన ఎఫ్ బార్ కార్డ్ (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేది) ఇప్పుడు వేళ్లు విరిచేస్తుంది. తెలిసినవాళ్లని అడిగితే సగం మంది "నువ్వే చేసుకో, యూట్యూబ్‌లో అంతా ఉంది" అంటారు. మిగతా సగం "అస్సలు ముట్టుకోకు, హైదరాబాద్ పంపించు" అంటారు.

సెటప్ అని, అంటే గిటార్‌ని వాయించడానికి వీలుగా, శ్రుతి నిలిచేలా సరిచేయడమని, మనం ఒకే పేరుతో పిలిచేదాంట్లో నిజానికి రెండు రకాల పనులున్నాయి. కొన్ని స్క్రూ తిప్పే పనులు, కొన్ని ఆకురాయి పట్టే పనులు. స్క్రూ ఎంత తిప్పామో అంత వెనక్కి తిప్పుకోవచ్చు. ఆకురాయితో తీసేసింది మళ్లీ అతకదు. మొదటి రకం మొత్తం మీరే చేసుకోండి. రెండో రకానికి డబ్బులు పట్టుకుని పనివాడి దగ్గరికి వెళ్లండి. వీణ ఉన్న ఇళ్లలో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉన్నదే. శ్రుతి రోజూ వాళ్లే చేసుకుంటారు, మెట్ల కింద మైనం దెబ్బతింటే మాత్రం మేళం కట్టేవాళ్లకి అప్పగిస్తారు.

నాకీ తేడా తెలిసింది ఒక నట్ పోగొట్టుకున్నాక. ఇక్కడ నట్ అంటే బోల్టుకి బిగించేది కాదు, హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ కీలుండే తల భాగం) మొదట్లో తీగలు కూర్చోవడానికి గాట్లు ఉండే సన్నటి పట్టీ. ఒక డిసెంబర్‌లో, తీగలు ఎత్తుగా ఉన్నాయని ఊళ్లో ఒకాయనకి గిటార్ ఇచ్చాను. ఆయన నెక్ వైపు చూడనే లేదు. నట్ ఊడదీసి, అడుగున శాండ్‌పేపర్ మీద రుద్ది, మళ్లీ అతికించి ఇచ్చేశాడు. తీగలు కిందికి దిగాయి, నిజమే. కానీ ఏ తీగ వేలు పెట్టకుండా మీటినా మొదటి ఫ్రెట్‌కి తగిలి గలగలమనేది. అసలు రోగం నెక్ వంపులో ఉంది. అలెన్ కీతో పావు చుట్టు తిప్పితే పోయేది. పోయిన నట్ మాత్రం కొత్తది చెక్కించుకోవాల్సి వచ్చింది.

సామాన్లు

కావలసినవి కొన్నే: కొత్త తీగల సెట్, క్లిప్ ట్యూనర్, మీ గిటార్‌కి సరిపోయే అలెన్ కీలు, మంచి స్టార్ స్క్రూడ్రైవర్, కాపో (ఒక ఫ్రెట్ దగ్గర తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు), స్టీల్ స్కేలు, ఫిల్లర్ గేజ్. చివరి రెండింటి కోసం మ్యూజిక్ షాపులు తిరగక్కర్లేదు. ఆటోనగర్ వెళ్లండి. బండి ఇంజన్‌లో టాపెట్లు సెట్ చేసేటప్పుడు సందు ఎంతుందో కొలవడానికి మెకానిక్ వాడే పల్చటి స్టీల్ రేకుల కట్టే ఫిల్లర్ గేజ్. ఒక్కో రేకు మీద దాని మందం రాసి ఉంటుంది. నేను కొన్న రోజు కౌంటర్ దగ్గర పెద్దాయన "ఏ బండికి బాబూ?" అన్నాడు.

"బండికి కాదు బాబాయ్, గిటార్‌కి."

"గిటార్‌కి టాపెట్లెక్కడున్నాయి!" అని పక్క కుర్రాడితో కలిసి నవ్వాడు గానీ, రేకుల మధ్య తుప్పు లేనిది వెతికి మరీ ఇచ్చాడు.

స్టీల్ స్కేలు విషయంలో ఒక జాగ్రత్త. పిల్లల ప్లాస్టిక్ స్కేలుకి అంచు నుంచి సున్నా గీత దాకా కొంచెం ఖాళీ ఉంటుంది. దాన్ని ఫ్రెట్ మీద నిలబెట్టి కొలిస్తే మీ కొలత మొత్తం తప్పు. మెషిన్ షాపుల్లో వాడే స్టీల్ స్కేలుకి సున్నా అంచు దగ్గరే మొదలవుతుంది, అర మిల్లీమీటర్ గీతలు కూడా ఉంటాయి. అది తీసుకోండి.

అలెన్ కీలలో అంగుళాల సైజులు వేరు, మిల్లీమీటర్ల సైజులు వేరు. అమెరికన్ గిటార్లకి ఎక్కువగా అంగుళాలవి పడతాయి, ఆసియాలో తయారైనవాటికి ఎక్కువగా మిల్లీమీటర్లవి. "దాదాపు సరిపోయింది" అనే కీ మీ శత్రువు. కీ లోపల కాస్త ఆడినా దాంతో తిప్పకండి. ట్రస్ రాడ్ (నెక్ లోపలుండే ఇనప కడ్డీ) తల గుండ్రంగా అరిగిందంటే ఆ పని అక్కడితో మీ చేతులు దాటిపోయినట్టే.

మొదలుపెట్టే ముందు

ఒక నోట్‌బుక్ తీసి గిటార్ ఇప్పుడు ఎలా ఉందో రాసుకోండి: తీగల ఎత్తు ఎంత, నెక్ సందు ఎంత, పికప్‌లు (తీగల కింద ధ్వనిని పట్టే అయస్కాంతాలు) తీగలకి ఎంత దూరంలో ఉన్నాయి. ఎక్కడైనా దారి తప్పితే ఈ కాగితమే మిమ్మల్ని వెనక్కి తీసుకొస్తుంది. ఫోన్‌లో బ్రిడ్జ్ (తీగల రెండో చివర ఆనే భాగం) ఫోటో కూడా తీసి ఉంచుకోండి.

తర్వాత కొత్త తీగలు వేయండి. చెమటకి తుప్పు పట్టిన పాత తీగల మీద చేసిన సెటప్ వృథా. ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలో కూడా శ్రుతి నిలవడం) అయితే అసలు కుదరదు. మీరు రోజూ వాయించే గేజ్ (తీగల మందం) ఏదో అదే వేయండి. ఎందుకంటే గేజ్ మారితే నెక్ మీద పడే లాగుడు మారిపోతుంది. 25.5 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు) ఉన్న గిటార్ మీద మామూలు శ్రుతిలో 9–42 సెట్ (సన్న తీగ, లావు తీగ మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) అన్నీ కలిపి దాదాపు 38 కిలోల బలంతో లాగుతుంది, 10–46 సెట్ దాదాపు 46 కిలోలతో. తీగల ప్యాకెట్ మార్చినంత మాత్రాన నెక్ మీద ఎనిమిది కిలోలు అదనం అన్నమాట. చర్చిలో గాయకుల కోసం అర స్వరం దించి వాయించేవాళ్లు సెటప్ కూడా ఆ దించిన శ్రుతిలోనే చేయాలి.

తీగలు వేశాక ఒక్కొక్కటీ కొంచెం పైకి లాగి వదలండి. మళ్లీ శ్రుతి చేయండి. దిగడం ఆగేదాకా ఇదే పని. ట్రెమొలో (కడ్డీ నొక్కి స్వరాన్ని వంచే కదిలే బ్రిడ్జ్) ఉన్న గిటార్ అయితే తీగలన్నీ ఒకేసారి విప్పకండి, ఒకటి తీసి ఒకటి వేయండి. లావు తీగలు వేశాక బ్రిడ్జ్ వెనక భాగం పైకి లేస్తే, వెనక మూత తీసి స్ప్రింగులు పట్టుకున్న రెండు స్క్రూలని కొంచెం బిగించండి. ఫ్లాయిడ్ రోజ్ రకం (తీగలని తాళం వేసినట్టు బిగించే ట్రెమొలో) బ్రిడ్జ్ ఉన్నవాళ్లు మొదటిసారి ఈ మొత్తం పనికి ఒక సెలవు రోజు కేటాయించుకోవాలి. ఓపిక లేకపోతే ఆ ఒక్కటీ ఎవరికైనా ఇచ్చేయడమే మేలు.

గిటార్ ఏ గదిలో ఉంటుందో అక్కడే పని చేయండి. చెక్క గాలిలో తేమని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. రాత్రంతా ఏసీలో ఉన్న గిటార్‌ని తెచ్చి మే నెల మధ్యాహ్నం వరండాలో సెట్ చేస్తే ఆ కొలత సాయంత్రానికే మారిపోవచ్చు. ఇక ఎండలో కారు డిక్కీలో వదిలేయడం గురించి బెజవాడ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

నెక్ వంపు

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే, జనం అన్నిటికంటే ఎక్కువ భయపడేదీ ఇదే. నెక్ బల్లపరుపుగా ఉండకూడదు, తీగ ఊగడానికి చోటుండేలా ముందుకి వెంట్రుకవాసి వంగి ఉండాలి. తీగలు నెక్‌ని ముందుకి లాగుతాయి. లోపలున్న ట్రస్ రాడ్ అనే ఇనప కడ్డీ వెనక్కి లాగుతుంది. ఆ రెండిటి మధ్య రాజీ కుదర్చడమే మన పని.

గిటార్‌ని వాయించేటప్పుడు పట్టుకున్నట్టే ఒళ్లో పెట్టుకోండి. బల్ల మీద పడుకోబెడితే నెక్ బరువుకే కొలత మారుతుంది. శ్రుతి సరిచూసి, మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టండి. కుడిచేత్తో ఆరో తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఇప్పుడు తీగే మీకు సాగదీసిన దారంలా తిన్నని గీత. ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకి, ఫ్రెట్ తలకి మధ్య సందు చూడండి. 0.25 మిల్లీమీటర్ల రేకు తీగని కదపకుండా దూరితే బాగున్నట్టు. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) రకం గిటార్లకి ఇది మంచి మొదలు. రేకు లేకపోతే తీగని అక్కడ వేలితో కొట్టి చూడండి. చిన్నగా టిక్‌మని వినిపించాలి. ఏ చప్పుడూ రాకపోతే నెక్ మరీ బల్లపరుపుగా ఉందని, లేదా వెనక్కి వంగిందని.

సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు బిగించాలి. తక్కువుంటే దానికి ఎదురు వైపు వదులు చేయాలి. బిగించే ముందు తీగలు కాస్త వదులు చేస్తే కడ్డీ మీద భారం తగ్గుతుంది. ఎంత తిప్పాలి? పావు చుట్టు. ఒక్క పావు చుట్టు. తర్వాత మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలవండి. ఇంకా చాలకపోతే ఇంకో పావు. రెండు పావులకీ సరిపోకపోతే ఆ రోజుకి ఆపి, మర్నాడు పొద్దున చూడండి. చెక్క తీరిగ్గా కదులుతుంది.

కీ అసలు కదలకపోయినా, ఎంత తిప్పినా నెక్ మారకపోయినా అక్కడే ఆపేయండి. బలం పెట్టొద్దు. ట్రస్ రాడ్ తెగితే చవక గిటార్లలో కొత్త నెక్ కొనడమే తక్కువ ఖర్చవుతుంది.

తీగల ఎత్తు

నెక్ కుదిరాకే దీని జోలికి రండి. ఈ వరస తిరగబడితే పని రెట్టింపు. కాపో తీసేసి, పన్నెండో ఫ్రెట్ మీద స్కేలు నిలబెట్టండి. ఫ్రెట్ తల నుంచి తీగ అడుగు దాకా ఆరో తీగకి 2 మిల్లీమీటర్లు, ఒకటో తీగకి 1.5 మిల్లీమీటర్లు పెట్టి మొదలుపెట్టండి. స్కేలు మీద గీత కనబడక చిరాకేస్తే ఫిల్లర్ రేకులు 1.0, 0.5 కలిపి ఫ్రెట్ మీద ఆనించండి. తీగ రేకుల మీద వాలీ వాలనట్టు ఉండాలి.

స్ట్రాట్ రకం బ్రిడ్జ్‌లో ఒక్కో శాడిల్‌కి (ఒక్కో తీగ కింద ఆనే చిన్న ముక్క) రెండు చిన్న గ్రబ్ స్క్రూలు (తల లేనివి) ఉంటాయి. రెండూ సమంగా తిప్పకపోతే శాడిల్ ఒక పక్కకి ఒరుగుతుంది. లెస్ పాల్ (గిబ్సన్ గిటార్) రకంలో బ్రిడ్జ్ రెండు చివర్లా చక్రాలుంటాయి, పని తేలిక. మధ్య తీగలు ఫ్రెట్‌బోర్డ్ వంపుని అనుసరించి అంచు తీగలకన్నా కొంచెం ఎత్తులో ఉంటాయి. ఆరు తీగలూ ఒకే గీతలో పెట్టకండి.

ఆ గ్రబ్ స్క్రూలు బియ్యపు గింజంత ఉంటాయి. ఒకసారి నా చేతిలోంచి ఒకటి జారింది. మంచం కింద టార్చ్ వేశాను, చాప దులిపాను, అమ్మ చేత చీపురు కూడా పట్టించాను. అరగంట తర్వాత చూస్తే బ్రిడ్జ్ పికప్ అయస్కాంతానికి అతుక్కుని నిక్షేపంగా ఉంది. అందుకే, స్క్రూ పోతే మొదట పికప్‌ల మీద చూడండి.

ఇప్పుడు ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్ ఒక్కసారి వాయించండి. తొందర పడకండి, ఈ పది నిమిషాల్లోనే గిటార్ అసలు సంగతి బయటపడుతుంది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే బజ్ (జుయ్యిమనే చప్పుడు) వస్తే నెక్ మరీ బల్లపరుపుగా ఉందేమో చూసుకోండి. అన్నిచోట్లా వస్తే ఎత్తు తక్కువైంది. ఒకే ఒక్క చోట వస్తే దానికి బ్రిడ్జ్ వైపు పక్కనున్న ఫ్రెట్ తల ఎత్తుకుని ఉండొచ్చు. ఏటీఎం కార్డు తిన్నని అంచుని మూడు ఫ్రెట్ల మీద ఆనించి ఊపండి. తక్కెడలా ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తు. దాన్ని గుర్తుపెట్టుకుని పక్కన పెట్టండి. అది ఆకురాయి పని, మనది కాదు.

యాంప్ పెట్టకుండా మాత్రమే వినిపించే బజ్ గురించి నేను పట్టించుకోను. యాంప్‌లో రానిది జనానికి వినపడదు.

నట్‌ని చూడండి, చెయ్యి పెట్టకండి

తీగని రెండో ఫ్రెట్‌కి, మూడో ఫ్రెట్‌కి మధ్య నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. కాగితం దూరేంత ఉంటే చాలు. అంతకన్నా చాలా ఎక్కువుంటే ఎఫ్ కార్డ్ మిమ్మల్ని ఏడిపించేది అందుకే. నొక్కినప్పుడు శ్రుతి పైకి పోయేదీ అందుకే. గాట్లు లోతు చేయాలి. ప్రతి తీగ మందానికీ వేరే ఆకురాయి కావాలి, రెండు రుద్దులు ఎక్కువైతే నట్ పోయినట్టే. నా కథ పైన చదివారుగా. మీరు చేయగలిగింది ఒకటుంది. ట్యూనింగ్ కీ తిప్పినప్పుడు టిక్‌టిక్‌మని తీగ ఇరుక్కుంటుంటే, పెన్సిల్ ములికిని గీకి ఆ పొడి గాట్లలో రాయండి. తీగ జారుతుంది.

పికప్‌లు, తర్వాత ఇంటొనేషన్

పికప్ మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగని లాగుతుంది. పై ఫ్రెట్లలో స్వరం వణికినట్టు, రెండు స్వరాలు కలిసినట్టు వినిపిస్తుంది. అందుకే ఇంటొనేషన్ కంటే ముందు దీన్ని చూడాలి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, తీగకి పికప్‌కి మధ్య లావు తీగల వైపు 2.5, సన్న తీగల వైపు 2 మిల్లీమీటర్ల దాకా ఉంచి, తర్వాత చెవితో సరిచేసుకోండి.

ఇంటొనేషన్ అంటే, మొదట్లో శ్రుతిలో ఉన్న తీగ పైకి వెళ్లేకొద్దీ కూడా శ్రుతిలోనే ఉండటం. పన్నెండో ఫ్రెట్ తీగ పొడవులో సరిగ్గా సగం. 648 మిల్లీమీటర్ల స్కేల్ అయితే నట్ నుంచి 324 దగ్గర ఉంటుంది. కానీ నొక్కినప్పుడు తీగ కాస్త సాగి స్వరం పైకి పోతుంది. ఆ తేడా పూడ్చడానికే శాడిల్‌ని వెనక్కి జరిపి తీగని కొంచెం పొడుగు చేస్తారు. శాడిళ్లు మెట్లమెట్లుగా కనబడేది అందుకే.

పన్నెండో ఫ్రెట్ మీద తీగని వేలితో తాకీ తాకనట్టు తాకి హార్మోనిక్ వాయించండి, ట్యూనర్ ముల్లు మధ్యకి తెండి. తర్వాత అదే ఫ్రెట్ మామూలుగా నొక్కి వాయించండి. ముల్లు పైకి పోతే శాడిల్‌ని నట్‌కి దూరంగా జరపాలి, కిందికి పోతే దగ్గరికి. ఉదాహరణకి మూడో తీగ 8 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) పైకి చూపించిందనుకోండి. తీగ వదులు చేసి, స్క్రూ ఒక చుట్టు తిప్పి శాడిల్ వెనక్కి జరిపి, మళ్లీ శ్రుతి చేసి చూస్తే ఏడో, ఆరో చూపిస్తుంది. ఇలాగే ఒక్కో చుట్టూ తిప్పుతూ వెళ్లండి. 2 సెంట్ల లోపు వస్తే వదిలేయండి. నొక్కేటప్పుడు మీ వేలి బలమే అంత తేడా తెస్తుంది.

కర్ణాటక సంగీతం నేర్చుకున్న చెవి ఉన్నవాళ్లకి ఇక్కడ ఒక చిక్కు. ఇంతా చేశాక కూడా మేజర్ కార్డ్‌లో గాంధారం పదునుగా, కాస్త పైన ఉన్నట్టు అనిపిస్తుంది. మీ చెవి తప్పు కాదు. గిటార్ ఫ్రెట్లు ఆక్టేవ్‌ని పన్నెండు సమాన భాగాలు చేస్తాయి కాబట్టి, ఆ గాంధారం శుద్ధమైన అంతర గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు పైన ఉంటుంది. హార్మోనియం మీద కూడా ఇదే బాధ. దానికోసం శాడిళ్లు తిప్పుతూ రాత్రంతా కూర్చోకండి.

డబ్బులిచ్చి చేయించుకోవాల్సినవి

నట్ గాట్లు, ఎత్తుగా లేచిన లేదా గుంటలు పడిన ఫ్రెట్లు, చేతికి గీసుకునే ఫ్రెట్ చివర్లు, మెలిక తిరిగిన నెక్, కదలని ట్రస్ రాడ్, హెడ్‌స్టాక్ దగ్గర పగులు. వీటికి మంచి పనివాడు అడిగినంత ఇవ్వండి. వాల్యూమ్ నాబ్ గరగర కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది, ఊగే జాక్ స్పానర్‌తో బిగుస్తుంది, అవి ఇంట్లోనే. మైక్‌కి పెదవి తగిలితే షాక్ కొడుతోందంటే అది సెటప్ కాదు, స్టేజీ మీద ఎర్త్ సరిగా లేకపోవచ్చు. వెంటనే ప్లగ్ తీసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

నా సలహా, గిటార్ కొత్తగా కొన్నవాళ్లకి ముఖ్యంగా: మొదటి సెటప్ ఒక్కటీ డబ్బులిచ్చి చేయించండి, ఒప్పుకుంటే పక్కన కూర్చుని చూడండి. ఇంటికొచ్చాక పైన చెప్పిన కొలతలన్నీ కొలిచి నోట్‌బుక్‌లో ఎక్కించండి. ఇక అక్కడినుంచి ఆ అంకెలని కాపాడుకోవడమే మీ పని.

పనివాణ్ణి ఎలా పోల్చుకోవాలి? గిటార్ చేతికివ్వగానే ఏమడుగుతాడో చూడండి. ఏ గేజ్ వేస్తారు, ఏ శ్రుతిలో వాయిస్తారు, గట్టిగా మీటుతారా మెల్లగానా అని అడిగి, మిమ్మల్నే కాసేపు వాయించమంటే నిశ్చింతగా ఇచ్చి రండి. ఏమీ అడక్కుండా "రేపు సాయంత్రం రండి" అంటే నమస్కారం పెట్టి గిటార్ వెనక్కి తెచ్చుకోండి. ఇచ్చేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పండి: నట్‌కి గానీ ఫ్రెట్లకి గానీ ఆకురాయి పెట్టేముందు నాకు ఫోన్ చేయాలి.

హైదరాబాద్ పంపించాల్సి వస్తే, 275 కిలోమీటర్లు బస్సు లగేజీ డిక్కీలో సాఫ్ట్ బ్యాగ్‌లో వేయకండి. హార్డ్ కేస్ లేకపోతే గిటార్ మీతోపాటే సీటు దగ్గరికి రావాలి. తీగలు పూర్తిగా విప్పక్కర్లేదు, ఒకటి రెండు స్వరాలు దించితే చాలు.

ఇంట్లో మీరే చేసుకున్నవాళ్లు రాత్రికి గిటార్‌ని స్టాండ్ మీద వదిలేసి, పొద్దున్నే కాపో పెట్టి నెక్ సందు ఇంకోసారి చూడండి. రోహిణి కార్తెలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి మళ్లీ కొలవండి. కత్తిరించిన తీగ ముక్కలు మాత్రం అప్పటికప్పుడు ఏరి కాగితంలో చుట్టి పారేయండి. మా ఇంట్లో ఒకటో తీగ ముక్క మూడు రోజుల తర్వాత అమ్మ పాదంలో దొరికింది.